మూడో నంబరు రాయి

బోర్డు మీది ఒడియా గుండ్రాలు
కూడబలుక్కుని చదివాను: సహజ పథ.
రెండు కిలోమీటర్లు. తిరిగి తిరిగి బయల్దేరినచోటికే.
సహజ అంటే వాళ్ళకి తేలిక.
నాకేమో పుట్టుకతో వచ్చింది అని.
ముప్పై ఒక్క ఏళ్ళు బరంపురం ఇచ్ఛాపురం బస్సులో
గిరిసోల దాటగానే నాలుక మార్చినవాణ్ణి,
ఒక్క మాట దగ్గర ఇలా
రెండు గట్ల మీద చెరో కాలూ పెట్టి
నిలబడిపోతాననుకోలేదు.

అందులో ఒక కాలిది కొత్త మోకాలు. నాలుగో నెల.
మెట్లు లేనిచోట నడవమన్నారు పండా డాక్టరు.
నా జన్మంతా మెట్టు మీదే గడిచిందని
ఆయనకి చెప్పలేదు.

కొర్లమ్మ ముందు నడుస్తోంది.
ఎగదోపిన చీర మీద ఫారెస్టువాళ్ళ ఆకుపచ్చ కోటు,
జేబులో విజిలు, బొడ్లో పొగాకు.
"ఈ తోపులోనే సరుగుడాకు ఏరినానని
నూటయాభై జరిమానా ఏసినారు బావూ అప్పట్ల.
ఇప్పుడదే తోపు సూపిత్తే
రోజుకి మూడొందలిత్తన్నారు.
అడివి అడివిలాగే ఉంది.
నానే ఏటో అయిపోనాను."

నేల మీద ఎండుటాకు మెత్త.
అడుగు వేస్తే చప్పుడు లేదు,
టిక్కెట్టు లేకుండా ఎక్కినట్టుంది.
పైన సరుగుడు కొమ్మల్లో గాలి:
ఆఖరి స్టాపులో ఇంజను ఆపాక
చెవుల్లో మిగిలిపోయే హోరు.

జీడితోట దగ్గర
దారి మీదికి వాలిన కొమ్మ
తల వంచమంది, పక్కకి జరగమంది.
ఇన్నాళ్ళూ నేనన్న మాటలే.
ఎంత విసుగ్గా అనేవాణ్ణో!

మొగలి పొదల్లో పువ్వు లేదు.
"తెల్లారకముందే కోసుకుపోనారు బట్టీకి.
ఎండ తగిల్తే వాసన ఎల్లిపోద్ది."
ముల్లుకి ఎవరిదో చొక్కా పీలిక, నీలం గళ్ళది.
వంగి ముక్కు దగ్గర పెట్టుకున్నాను.
చెమట, బీడీ,
ఆ రెండింటి వెనక దాక్కుని
పట్టుబడిన మొగలి.

దారంతా నంబరు రాళ్ళు. తెల్ల సున్నం, నల్ల అంకె.
లెక్కపెట్టకుండా ఉండలేను,
తలలు లెక్కపెట్టి బతికినవాణ్ణి.
ఏడు, ఎనిమిది, తొమ్మిది,
పదకొండు దాటగానే ఇసక, వెలుతురు, ఉప్పుగాలి,
మళ్ళీ మూడు.

"ఒకటీ రెండూ ఏవీ?"

గడ్డంతో సముద్రం వైపు చూపించింది.
"ఒకటి తుపానుకి పోనాది.
రెండోది ఏ గాలీ వానా లేకుండానే,
ఓ బేస్తారం పొద్దున.
నాను కూకుని టీ తాగతన్నాను.
ఇప్పుడా రాళ్ళు సదవాలంటే సేపై పుట్టాల."
నవ్వింది. నేనూ నవ్వాను,
తర్వాత నవ్వకూడదేమో అనిపించింది.

ఏటేటా దారిని లోపలికి జరుపుతారట.
చుట్టు మాత్రం తెగకూడదు, బోర్డు మారకూడదు.
"మా ఇల్లూ అంతే. నాలుగోపాలి కట్టినాం.
పడమటేపు జరుగుతా జరుగుతా
బస్సు రోడ్డుకొచ్చేసినాం.
మీ బస్సే ఆపుకోవాల మరి."

మూడో రాయి వెనక బొగ్గు గీతలు, అంకెలు.
రోజూ డ్యూటీ దిగేముందు
రాయి నుంచి నీటి అంచు దాకా
అడుగులు వేసి రాస్తుందట. ఎవరూ అడగలేదు.
నిన్న ముప్పై తొమ్మిది.
ఇవాళ వేసింది. ముప్పై ఎనిమిది.

నేనూ వేశాను,
చేతికి లేని సంచీని చంకలో సర్దుకుని,
కొత్త మోకాలు ఎంతకి సాగితే అంత.
అల చెప్పుని తడిపేసరికి
యాభై రెండు.

కొర్లమ్మ బొగ్గుముక్క పట్టుకుని
కాసేపు ఆలోచించింది.
"నీ లెక్కే బాగుంది బావూ," అంది.
"ఇయాల్టికి అదే రాద్దాం."